రెండు దెబ్బలు, ఒక ఖాళీ

మా వెనకగదిలో సామెత తిరగబడి ఉంటుంది:
పాతొక వింత, కొత్తొక రోత.
బుధవారం రాత్రి, షెట్లాండ్‌లో, పడవల రేవు పక్కన
ఏడు ఫిడేళ్ళు, ఒక అకార్డియన్ (అది నాది),
పీట్ పొగకి తుమ్ముతూ ఒక కుక్క.
ఎవరైనా సొంత బాణీ ఎత్తితే
గిబ్బీ కమాను ఒళ్ళో పెట్టుకుని
గ్లాసులో నురగ చూస్తూ కూర్చుంటాడు.
తిట్టడు. తిడితే నయం.

ఓస్లాకి ఫెర్రీ మీద ఉద్యోగం.
రోజుకి పధ్నాలుగుసార్లు ఇనప ర్యాంపు దించుతుంది.
ధణ్, ధణ్,
కార్లు కదిలేలోపు ఒక చిన్న ఖాళీ.
ఆ ఖాళీలో పుట్టిందట.
నాకొక్కడికే చెప్పింది, ఇంజను గది పక్కన,
టికెట్ల కట్ట వెనక గీసుకున్న గీతలు చూపించి.

ఒక రాత్రి రెండు ముసలి రీళ్ళ మధ్య దాన్ని దాటించింది,
టికెట్ లేని పిల్లాణ్ణి పెద్దవాళ్ళ మధ్య దాటించినట్టు.
గిబ్బీ కమాను ఆగలేదు.
మూడో చుట్టుకి తనూ అందుకున్నాడు.
"ఎవరిదమ్మాయ్ ఇది?"
ఓస్లా గుటక మింగింది.
"మా అమ్మమ్మ వాళ్ళ వైపుది."
నేను అకార్డియన్ తిత్తి మూశాను,
నవ్వు దాచుకోవడానికి అంత చోటు ఇంకెక్కడుంది?

ఐదు చలికాలాలు.
గిబ్బీ పోయాడు. పోయే ముందు వారం
వల బాగుచేసుకుంటూ దాన్నే గొణిగాడని
వాళ్ళావిడ బాబీ చెప్పింది,
అది తన మామగారి బాణీ అని కూడా.

మొన్న ఉత్తరపు దీవి నుంచి ఒక కుర్రాడొచ్చాడు, రాస్మీ.
గడ్డం ఇంకా రాలేదు, చరిత్ర మొత్తం వచ్చు.
మందర తీగ ఒక స్వరం పైకి బిగించి
ఎత్తుకున్నాడు. అదే.
కానీ ఖాళీ లేదు.
అక్కడొక గమకం, నీటి మీద పలకరాయి జారినట్టు.
రెండొందల ఏళ్ళ నాటిదట.
గుట్ట పక్కన కునుకు తీసిన గొర్రెల కాపరి ఎవరో
మట్టి కింది మరుగుజ్జుల పెళ్ళిలో విన్నాడట.
ఆ రెండు దెబ్బలూ
వాళ్ళ తలుపు మూసుకున్న చప్పుడట.

ఓస్లా తన పద్ధతిలో కలిసింది.
రాస్మీ మర్యాదగానే ఆపాడు:
"అక్కా, రెండో భాగం తప్పు వాయిస్తున్నారు."

నేను నోరు తెరిచాను.
బల్ల కింద ఆమె నా బూటు తొక్కింది.
"మళ్ళీ వాయించు," అంది అతనితో. "మెల్లగా."

ఇంటికెళ్తుంటే రేవులో ఎవరో ర్యాంపు దించారు.
ఓస్లా ఆగి, ఆ ఖాళీలో
కుర్రాడి గమకాన్ని ఈల వేసి చూసుకుంది.
కుదిరిందనలేదు.
ఇంకోసారి దించుతారేమోనని
చేతి తొడుగులు లేకుండానే
అక్కడే నిలబడింది.