హాజరు గడి

కొర్లగుంటలో పంక్చర్ అంగడి మీద మా ఆఫీసు.
కింద మస్తాన్ ట్యూబుని నీళ్ళతొట్లో ముంచి
బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తుంటాడు.
పైన నాదీ దాదాపు అదే పని.
మంగళవారం, పదకొండు ఫైళ్ళు, ఒక ఎర్ర పెన్ను.

పెంచలయ్య, ఇరవయ్యారేళ్ళు.
రేణిగుంట మూడో ప్లాట్‌ఫారం చివర
జేబులో సిరంజితో దొరికాడు.
కేసు రాయకుండా ఎస్సై మాకిచ్చాడు,
అప్పిచ్చినట్టు ఇచ్చాడు:
వారానికొకతూరి మీ కాడ కనపడాల,
ఒక్క వారం తప్పినా
నా కాయితాలు నాకుండాయి మేడం.

మానేశారా అని అడుగుతారు నిధులిచ్చేవాళ్ళు,
మా చెల్లెలూ, ఇంటి ఓనరూ కూడా.
లేదు.
రోజుకి నాలుగుసార్లు పొడుచుకునేవాడు రెండుకి వచ్చాడు.
ముగ్గురు ఒకే సూది పంచుకోవడం ఆపారు.
ఒకామె చెయ్యి చీము పట్టకముందే రుయాకి నడిచింది.
ఇవి చెప్తే వాళ్ళ ముఖాల్లో
చిల్లర తక్కువొచ్చిన చూపు.

పద్నాలుగో తేదీ గడిలో
ఏకాంబరం రాత: 'వచ్చాడు'.
గుండ్రటి రాత, అబద్ధం చేతగాని రాత.
ఆరోజు పొద్దుటినుంచి చీకటిదాకా
తలుపుకెదురుగా కూర్చున్నది నేనే.
కరెంటు బిల్లు మనిషి వచ్చాడు, పిల్లి వచ్చింది.
పెంచలయ్య రాలేదు.

పిలిచి గడి మీద వేలు పెట్టాను.
మే నెలలోనూ ఫుల్ చేతుల చొక్కా వేస్తాడు ఏకాంబరం,
మోచేతి లోపలి గుంటలు పాతవే, ఆరేళ్ళయింది.
కాసేపు ఫ్యాను వైపు చూశాడు.
"వాడు గుండు కొట్టిచ్చుకున్న్యాడు మేడం."

పోలీసులు జుట్టున్నవాడి కోసం వెతుకుతారని
కొండెక్కి తలనీలాలిచ్చి, గంధం పూసుకుని,
దిగి జనంలో కలిసిపోయాడట.
"ఈ ఊర్లో ఒక గుండును యాడని ఎతికేది?
బస్టాండులో నాలుగొందలు,
శ్రీనివాసం కాడ ఇంగో వెయ్యి,
ఎండకు అన్నీ ఒగే మాదిరి మెరస్తా ఉండాయి.
నేను తలకాయలు చూడల్యా.
చేతులు చూసుకుంటా పోయినా."

నవ్వకూడదని తెలుసు, నవ్వాను.
అతనూ నవ్వి, తర్వాత ముఖం తుడుచుకున్నాడు,
చాలాసేపు.

పద్నాలుగు రాత్రి, గూడ్స్ షెడ్డు గోడవారన
దొరికింది ఆ చెయ్యి.
పాత సూదులు డబ్బాలో వేయించి కొత్తవి ఇచ్చాడు,
ఇడ్లీ తినిపించాడు,
చెవి వెనక ఎండి పొలుసులైన గంధాన్ని
గోరుతో గీకాడట.
"కనపడినాడు కదా మేడం. నాకు కనపడినాడు."

సంతకం నాది.
రాలేదని రాస్తే పెంచలయ్య చిత్తూరు జైలుకి,
మూడోరోజుకి వణుకు, వాంతులు,
పక్కనున్నవాళ్ళ తిట్లు.
ఇలాగే ఉంచి, ఎస్సై ఒక్కసారి పట్టుకుంటే
మిగతా పదిమందీ అదే వ్యానులో.
పోయినేడు ఒక ఫైలు మీద సంతకం పెట్టకుండా
రెండురోజులు ఆపాను, పద్ధతి ప్రకారమే.
సూర్యకళ.
ఆ పేరు ఇక్కడ ఇంతవరకే.

'వచ్చాడు' కొట్టేశాను.
'మేమే వెళ్ళాం. రాత్రి 11.20. కలిశాడు.'
ఫారంలో అలాంటి గడి లేదు,
అక్షరాలు మార్జిన్లోకి పోయాయి,
పంచింగు రంధ్రం 'వె' నడుమ పడింది.

ఆయన చూడకముందే ఎస్సైకి ఫోన్ చేశాను.
"వచ్చేది వాళ్ళు కదా, మీరు పోయేదేంది?"
"ఈ వారం మేం పోయినాం సార్."
గుండు సంగతీ చెప్పాను.
అవతల టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు.
"జుట్టు మొలిచేలోపల ఒకతూరి కనపడమనండి."
నవ్వాడో లేదో తెలియలేదు.

ఏకాంబరం ఇంకా నిలబడే ఉన్నాడు.
"నన్ను కూడా రాస్తారా మేడం,
అబద్ధం రాసినానని?"
అతని ఫైలూ నా బీరువాలోనే ఉంటుంది.
పసుపు డబ్బా చూపించి లెక్క తేల్చమన్నాను.
పట్టకారుతో ఒక్కొక్కటే తీసి పెట్టాడు:
ఇచ్చినవి అరవై రెండు, తిరిగొచ్చినవి నలభై తొమ్మిది.
పదమూడు ఊళ్ళో ఎక్కడో ఉన్నాయి.
చేతుల గుండీలు పెట్టుకుంటూ టార్చి అడిగాడు.
ఇచ్చాను.
అడిగినదానికి జవాబు
ఇంకా ఇవ్వలేదు.