మూడు వేళ్ల పిడి

ముందుగాల చెయ్యి సూపియ్యమన్నడు ఓదెలు.
పైసల ముచ్చట తర్వాత, చేప ముచ్చట ఇంకా తర్వాత.
కొత్తవాడ గల్లీల, సైకిల్ పంచర్ల దుకాణం ఎనుక
రేకుల కింద కూసుండి
దర్రీ నూలు తునకతోని
నా కుడి అరచెయ్యి కొలిచిండు.
ఉన్నయి మూడే వేళ్లు.
ఉంగరం వేలూ చిటికెన వేలూ పవర్‌లూమ్ తిన్నది.
ఆయన అడుగలేదు, నేను చెప్పలేదు.
నూలుకు ముడేసి గోడ మేకుకు తగిలిచ్చిండు
ఇంకో పది చేతుల కొలతల నడుమ.

"ఏ చెరువు?"
"ధర్మసాగరం."
"ఏ దిక్కు?"
"గుర్రపుడెక్క ఉన్న దిక్కు."
అప్పుడు ఎత్తిండు తలకాయ, మొదటిసారి.
"కొర్రమట్టకా?
జెల్లలకైతే ఏ పుల్లైనా సాలు."

బజార్ల నేను మెచ్చింది చెప్పిన:
నల్లటి ఫైబర్ కట్టె, మెరిసే రీలు,
డబ్బ మీద నోరు తెరిచిన బాస్ చేప.
"ఆ చేప మన నీళ్లది గాదు.
అది ఎట్ల తింటదో నాకెరుక లేదు.
కొర్రమట్ట తినదు, కొడుతది.
కొట్టి డెక్క కిందికి గుంజుకపోతది.
కట్టె కొసకు సిగ్గుండాలె, నడుముకు మొండితనముండాలె.
నువ్వు మెచ్చినదాంట్ల అంతా సిగ్గే."

తాడ్వాయి దిక్కు నుంచి వచ్చిన కంకబొంగులు
మూలకు నిలబడ్డయి, రెండెండకాలాలు చూసినయి.
ఒక్కొక్కటి నేలకు తాటిచ్చి విన్నడు
కుండ బేరం చేసే ఆడమనిషి లెక్క.
నాలుగు పక్కకు పెట్టిండు.
ఐదోదాన్ని బొగ్గుల సెగ మీద తిప్పుకుంట
కణుపు కణుపు కాడ ఆగి వంకర తీసిండు.
మాడిన బెల్లం అసొంటి వాసన.
గొడుగు తీగె వంచి కండ్లు చేసిండు తంగుసు పోవటానికి,
పిడి కాడ రూపాయంత, కొసకు కందిగింజంత.
కంటి కంటికి ఎర్ర నూలు, చుట్టు పక్కన చుట్టు
సందు లేకుంట.
చూసుకుంట కూసున్న నా ఎడమ చెయ్యి
ఊకెనే కదిలింది, పోగు సరిచేసేటట్టు.

వార్నిష్ మూడు పూతలు, పూతకో దినం.
పిడికి పాత ట్యూబు. వేళ్లు లేని కాడ రెండు గుంతలు,
మిగిలిన మొదళ్లు ఆనేటట్టు.
అరిగిన హవాయి చెప్పు కోసి కప్పను చేసిండు,
బుగ్గ రబ్బరు కాళ్లు, కడుపుల గాలం.
"వానలు పడ్డంక ఎర్రపిల్లల గుంపు తేలుతే
ఆడ ఎయ్యకు. కింద తండ్రి కావలుంటడు."

ఆదివారం పొద్దుగాల.
కప్ప డెక్క మీద ఎగిరింది, ఆగింది, మల్ల ఎగిరింది.
నీళ్లు పగిలినయి.
కొస వంగింది, నడుము మొండికేసింది.
నా వేళ్ల మొదళ్లు గుంతలల్ల కూసున్నయి.
లేని వేళ్లు గూడ పట్టుకున్నయి,
ప్రమాణం చేసి చెప్తున్న, పట్టుకున్నయి.

గంతే. ఒక్కసారి తేలికైంది.
తంగుసు గాలికి ఊగుతున్నది.

ఓదెలు కట్టెను చూడనే లేదు.
తంగుసు కొస చూసిండు,
పందితోక లెక్క సుట్టుకున్నది.
"తెగలేదు. ముడి జారింది. ఎవరు నేర్పిండ్రు?"
"ఫోన్ల చూసిన."
"ఐదు వేళ్లోడు నేర్పిండు గదా."

నేనేమనలేదు.

"మగ్గం కాడ తెగిన పోగు అతుకలేదా నువ్వు?"
"ఇరువై రెండేండ్లు."
"వేళ్లు పోయినంక?"
"అటెన్క గూడ ఐదేండ్లు."
"మరి?"
తంగుసు నా ముందరేసిండు.
"నూలు గాదిది, జారుతది.
ఉమ్మి తడి పెట్టు. ఒక చుట్టు ఎక్కువెయ్యి."

బొటనవేలు, చూపుడువేలు, పండ్లు.
నేను చూస్తనే ఉన్న, చెయ్యే ఏసింది.
కాలు అడ్డంపెట్టి గుంజిండు.
ఇంకోసారి గుంజిండు.

"కట్టెకు పన్నెండు వందలు. కప్పకు యాభై వేరే."
"కప్ప చేప నోట్లనే ఉన్నది గదా!"
"అందుకే" అన్నడు,
రేకు సందులకెళ్లి ఇంకో చెప్పు గుంజి,
ఎడమ కాలిది,
మడమ కాడ అరగని జాగ కోసం ఎతుక్కుంట.