అంచులు

ఆదివారం ఆరున్నరకి
కాశిమేడు చేపల వేలం గొంతులు తగ్గాక
జెండామేడ తాళం తీస్తాం.
తాళంచెవి కొబ్బరినూనె డబ్బాలో ఉంటుంది,
లేకపోతే మంగళవారానికే తుప్పు తినేస్తుంది.
ఈ నెల డబ్బా మరియపుష్పం ఇంట్లో,
వచ్చే నెల మా ఇంట్లో, కుట్టుమిషను కింద.

ట్రస్టు అంటే పెద్దగా ఊహించుకోకండి.
ఏడుగురం. ఒక రశీదు పుస్తకం, రెండు నిచ్చెనలు,
వాటిలో ఒకటి పెయింటరు సలీముది, అడిగితే ఇచ్చెయ్యాలి.
కోశాధికారిని నేను, మునిలక్ష్మిని,
తండయారుపేటలో జాకెట్లు కుట్టేదాన్ని.
నిల్వ: నాలుగు వేల రెండు వందల పదకొండు.
ఆ పదకొండు ఎవరిచ్చారో
పుస్తకంలో రాసి ఉంది: 'వలలు ఎండబెట్టే పిల్లాడు.'

ఒకప్పుడు ఈ మేడ మీద
తుఫానుకి ముందు గూడు ఎక్కించేవాళ్ళు.
మా అత్తగారి నాన్న
తెలుగులో అంకె లెక్కపెట్టుకుని అరవంలో కేకేసేవాడట,
పడవ ఏ భాష విని వెనక్కి తిరిగితేనేం.
ఇప్పుడు హెచ్చరిక ఫోనులో మోగుతుంది.
మేడకి పని లేదు.
పని లేదని ఎవర్నయినా తోసేస్తామా, అంటాడు
దైవశిఖామణి, సున్నం మేస్త్రీ,
తననీ ఎవరూ పిలవడం మానేసి చాలా కాలమైంది.

గోడ నిండా ఉప్పు.
పైకి తెల్లగా పూస్తుంది, గోకితే లోపల్నించి మళ్ళీ.
నాలుగేళ్ళ కింద ఒక కంపెనీవాళ్ళు వచ్చి
సిమెంటు పూత, రంగు, తమ పేరుతో పలక,
అన్నీ ఉచితం అన్నారు.
ఆ రాత్రి మీటింగులో చాలా అరుచుకున్నాం.
నేను ఒప్పుకుందామనే చెయ్యెత్తాను, దాచడమెందుకు,
నాలుగు వేలతో సముద్రాన్ని ఎవరాపుతారు?
పట్టాభి నాయుడుగారొక్కరే ఎత్తలేదు.
"సిమెంటు పూస్తే ఉప్పు చావదు,
లోపల కూచుని ఇటుకని తింటుంది" అని
టీ గ్లాసు అడుగున మిగిలిన పంచదార వేలితో తుడుచుకున్నారు.
షుగరు మనిషి. మేమంతా చూడనట్టు ఊరుకున్నాం.

అప్పట్నుంచి ఇదీ పని:
పాత పేపర్లు తెచ్చి
అచ్చు తగలని అంచులు మాత్రం చింపుతాం.
సిరా పడితే గోడకి మరక.
అంచుల్ని మంచినీళ్ళలో రాత్రంతా నానబెట్టి
దోసెపిండిలా రుబ్బి
జ్వరం మనిషి నుదుటికి వేసినట్టు గోడకి పట్టు వేస్తాం.
ఎండుతూ ఎండుతూ అది ఉప్పుని లాక్కుంటుంది.
వారానికి ఊడదీస్తే అప్పడంలా విరుగుతుంది.
నాలిక చివర పెట్టి చూస్తాడు దైవశిఖామణి:
"ఇంకా ఉంది."
ఎన్నాళ్ళయినా అదే మాట.

ఈసారి మార్గశిరంలో తుఫాను
మెట్లలో కింది మూడూ తీసుకుపోయింది.
ఆ వారమే నాయుడుగారూ.
మెట్ల గురించి కార్పొరేషనుకి రాశాం.
ఆయన గురించి ఎవరికి రాయాలి.

ఇవాళ నా కట్టలో ఆయన ఫోటో వచ్చింది,
తెల్లచొక్కా, నవ్వకుండా,
కింద కర్మ జరిగే చోటు, తేదీ.
కొడుకులు వేయించిన ప్రకటన.
చేతులు ఆగాయి.
మరియపుష్పం చూసి, ఏమీ అనకుండా
కత్తెర నా వైపు జరిపింది.
వద్దన్నాను.
ఇరవై ఏళ్ళు గుడ్డ కోసిన చేతులు,
స్కేలు పెట్టినట్టు చింపగలను.
నాలుగు వైపులా అంచు తీసి బక్కెట్లో వేశాను.
మధ్యలో మిగిలింది మడిచి
రశీదు పుస్తకంలో పెట్టాను,
ఖర్చో జమో రాయలేదు.

పోయినవారం రుబ్బిన పిండి సిద్ధంగా ఉంది,
ఈ అంచులు నానడానికి రేపటిదాకా పడుతుంది.
ఆగలేకపోయాను.
తడిసీ తడవని ఒక ముక్క అందులో కలిపి
సలీం నిచ్చెన పట్టుకుంటే ఎక్కి
ఉత్తరం గోడ మీద, ఆయన కూచునే చోటికి కొంచెం పైన
అదిమాను. చల్లగా ఉంది.
వచ్చే ఆదివారం విప్పాలి.

తాళం వేసి డబ్బా మూత బిగిస్తుంటే
నూనె వేళ్ళకంటింది.
మెట్టు లేని చోట
కాలు అలవాటుగా వెతికింది,
అల వచ్చి తగిలింది.