శ్రావణాల డబ్బా

రెప్ప కంటిని కాస్తుందంటారు.
మా గొజ్జాం కొండల్లో రెప్పే లోపలికి తిరిగి
కంటిని గీరేది.
రెప్పపాటుకొక గీత.
పొద్దుణ్ణించి రాత్రిదాకా ఎన్ని రెప్పపాట్లో
లెక్కపెట్టుకోండి.

మా ఆడవాళ్ళ మెడల్లో శిలువ పక్కనే
ఇనప శ్రావణం వేలాడుతుండేది,
ముల్లు తీసేలాంటిదే.
పొయ్యి వెలుగులో కూతురు తల్లి తల ఒళ్ళో పెట్టుకుని
ఒక్కో వెంట్రుకా పీకేది.
పిల్లాడి ముఖం తుడిచిన కొంగే తన ముఖానికీ.
ఆ జబ్బు
ప్రేమ నడిచే దారిలోనే ఇల్లిల్లూ తిరిగింది.

డాక్టర్ జెనెబెవర్క్ లెమ్మా
కంచరగాడిద మీద వచ్చింది,
రెండు పెట్టెలతో, ఒక పెట్రోమాక్స్ లైటుతో.
ఆ లైటు పట్టుకున్నది నేను.
పందొమ్మిదేళ్ళు పట్టుకున్నాను.

బడిబల్ల మీద కోత. సుద్దముక్కల వాసన.
"కదలకమ్మా, టెఫ్ గింజంత పని."
కట్టు విప్పిన రోజు
శ్రావణం తెంపి బిస్కెట్ల డబ్బాలో వేసేవాళ్ళు.
ఖంగుమనేది. నేను పొంగిపోయేవాణ్ణి.
ఆమె పేర్లు రాసుకునేది.

మూడో ఏడు, ఎవరూ పంపకుండానే,
అవే గుమ్మాలకి మళ్ళీ వెళ్ళాం.
అల్గానెష్ మెడలో కొత్త శ్రావణం.
డాక్టర్ ఏమీ అనలేదు.
రెప్ప తిప్పి లెక్కపెట్టింది: నాలుగు.

అడిస్‌లో పెద్దలు అడిగారట,
బాగుపడ్డవాళ్ళ లెక్క చాలదా అని.
ఆమె బాగుపడనివాళ్ళ లెక్కే అచ్చువేసింది.
కోత ఎక్కడ పొట్టిదైందో, కుట్టు ఎక్కడ వదులైందో,
తొందరపడ్డ చెయ్యి ఎవరిదో
(తనదే)
పదకొండు పేజీలు.
తర్వాత సభలకి పిలుపులు తగ్గాయి.
కొత్త కోత ఆ పేజీల్లోంచే వచ్చింది.
పాతదానికన్నా రెండు మిల్లీమీటర్లు పొడుగు, అంతే.
రెండు మిల్లీమీటర్లకి ఏడేళ్ళు.

అల్గానెష్‌కి రెండోసారి కోసినప్పుడు
శ్రావణం డబ్బాలో వెయ్యనివ్వలేదు.
"నన్ను నమ్మేదాకా నీ మెడలోనే ఉండనీ."

ఇప్పుడు కోత నాది, లైటు ఇంకో కుర్రాడిది.
ఆమె లేదు.
మొన్న వానలు వెలిశాక అల్గానెష్ మనవరాలు వచ్చి
"అమ్మమ్మ పోతూ మీకిమ్మంది" అని
గుడ్డలో చుట్టిన శ్రావణం పెట్టింది.
తెరవబోయాను. రాలేదు.
తుప్పుపట్టి రెండు కొసలూ అతుక్కుపోయాయి.

ఏడుపొచ్చింది నాకు.
ఆమె ఉంటే ఏడ్చేది కాదు.
తుప్పు పట్టడానికి ఎన్నేళ్ళు పడుతుందో
ముందు కనుక్కో, అనేది.