కరెంటోడు

పగలు నేను ఇంటి నంబర్ల మనిషిని.
కంచరపాలెంలో మెట్లెక్కి, జ్ఞానాపురంలో మెట్లు దిగి,
జాలారిపేటలో ఎండుచేపల దండేల కింద తల వంచి,
ఉప్పుగాలికి తుప్పుపట్టిన మీటరు డబ్బా మూత
గోటితో లాగి
అంకెలు ఎక్కించుకుంటాను.
తలుపు సందులోంచి ఎవరో గుంట లోపలికి కేకేస్తుంది:
"అమ్మా, కరెంటొచ్చింది!"
వచ్చింది నేనే.

రాత్రి, గూడ్సు బండి పోయినప్పుడల్లా
గ్లాసులు గలగలమనే గదిలో
సెకండ్‌హ్యాండు ల్యాప్‌టాప్ మూత తీస్తాను.
ఆ రొద దాని ఫ్యానుదో, నెత్తి మీద ఫ్యానుదో తెలీదు.
అక్కడ నాకు గుర్రం ఉంది, కత్తి ఉంది,
మొదటిరోజు సిగ్గుపడకుండా కొట్టుకున్న పేరుంది: విక్రమ్.

కత్తి మీద మోజు ఎప్పుడో పోయింది.
ఇప్పుడు నేను ఆడేది ఇసిరి కోసం.
మా జట్టులో పటాలు గీసే పిల్ల.
వాగు వంపు, కూలిన బురుజు, తేనెపట్టున్న కొండచరియ,
అన్నీ తోలు మీదకి ఎక్కిస్తుంది.
తాను నిలబడ్డ చోటు మాత్రం
ప్రతిసారీ ఖాళీగా వదిలేస్తుంది.
ఆటలో తప్పేమో అనుకున్నాను మొదట.

గవ్వరి అని పడవవాడొకడున్నాడు.
జట్టులోకి రమ్మని నలభైసార్లు అడిగుంటాను.
"నాను ఒకరి కతలో పక్కోణ్ణి కాను" అంటాడు.
అని,
డబ్బు పుచ్చుకోకుండా రేవు దాటిస్తాడు.

దండు మెడలో ఏడు పతకాలు.
ఏవీ తనవి కావు, చచ్చిపోయినవాళ్లవి.
ఊరూరా తిరిగి ఒక్కొక్క గుమ్మానికీ ఒక్కోటి తగిలించి వచ్చాక
అతని నడక మారిపోతుంది.
బరువు లేని మెడతో ఎలా నడవాలో తెలీక
రెండు రోజులు తూలతాడు.
ఆ తూలడం గీసినవాడెవడో, వాడికి దండం.

పదకొండో అధ్యాయంలో వాన.
ఇసిరి తోలు పరిచింది, కాసేపు ఊరికే చూసింది,
ఒక చుక్క పెట్టింది.
అంతే. సంగీతం లేదు, స్కోరు పెరగలేదు,
కొత్త ఆయుధమేమీ చేతికి రాలేదు.
కిటికీ అంచు మీద బొగ్గుదుమ్ము తుడుస్తూ
తెల్లారేదాకా కూర్చున్నాను.

ఏ ఇంట్లో మీటరు కుట్టుమిషను వెనకుందో,
ఏ కుక్క పేంటు పట్టుకుంటుందో,
హుద్‌హుద్ నాడు ఒరిగిన స్తంభం
ఇంకా ఏ సందులో ఒరిగే ఉందో,
అన్నీ నాకు తెలుసు.
నేనుండే గదికి బిల్లు
ఎప్పుడో పోయిన మా ఓనరు మామగారి పేరు మీద వస్తుంది.

ఆట చివర్లో ఊరి గుమ్మం దగ్గర రాయి చెక్కేవాడు అడిగాడు:
"ఏ పేరు చెక్కమంటావు?"
నాకు ముందు ఇద్దరు పోయారట.
నన్ను చాటలో పడుకోబెట్టి, పక్కింటామెకి ఇచ్చి,
తవుడు కొలిచి మళ్లీ కొనుక్కుంది మా అమ్మ.
మృత్యువుకి ఈ గుంటడు పనికిరానివాడని చెప్పడానికి.
బళ్లో ఆ పేరు పిలిచినప్పుడల్లా
క్లాసంతా నవ్వితే బల్ల కిందకి చూసేవాణ్ణి.
విక్రమ్ చెరిపేసి ఇంగ్లీషులో అదే కొట్టాను.
పెట్టెలో ఎనిమిది అక్షరాలే పట్టాయి.
తవిటిన్ దగ్గర ఆగిపోయింది,
ఏదో జ్వరం మాత్రలాగ.
సరే, అదే చెక్కు అన్నాను.

మర్నాడు అల్లిపురంలో ముసలామె
తలుపు గొళ్లెం తియ్యకుండానే అడిగింది:
"ఎవుల్రా?"
కరెంటు, అనబోయి
"తవిటినాయుణ్ణి మామ్మా" అన్నాను.
లోపల కాసేపు ఏ చప్పుడూ లేదు.
"అయితే ఏటి?" అంది.
"మీటరు సూడాల."
"అలా సెప్పు మరి" అని
గొళ్లెం తీసింది.