విజిల్‌కీ పేలుడుకీ మధ్య

నా ఆటలో మూడో లెవెల్, ముందు ఒక సందు.
రెండు గోడలూ భుజాలకు రాసుకునేంత దగ్గరగా జరిపాను.
కప్పు దించాను. ఉన్నది ఒకటే దీపం,
అదీ ఆరిపోబోతున్నట్టు కొట్టుకుంటుంది.
మలుపు అవతల ఏముందో తెలియకుండా
మూల మీద మూల కట్టాను.
ఇక్కడ గుండె జారకపోతే
నా చదువు దండగ అనుకున్నాను.

చీమకుర్తి. పాలిష్ ఫ్యాక్టరీ వెనక మేడగది.
రాత్రంతా రాయిని కోసే రంపం,
పొద్దునకి కిటికీ చువ్వల మీద తెల్లటి పిండి.
అద్దెకోసం వచ్చిన మాలకొండయ్య చేతిలో
కంట్రోలర్ పెట్టాను.
ముప్పయ్యేళ్లు క్వారీలో మందు కూరి పేల్చిన మనిషి,
కుడిచేతికి మూడే వేళ్లు.
"బొటనవేలుంది గదా, చాల్లే" అన్నాడు.

సందులోకి దూరాడు.
నేను తెర చూడటం లేదు, ఆయన మెడ నరం చూస్తున్నా.
ఏమీ లేదు.
గోడను ఆనుకుని
చుట్టాలింటికి పోతున్నట్టు నడిచాడు.
మధ్యలో టీ అడిగాడు.

సందు దాటితే మైదానం.
కాస్త ఊపిరి పీల్చుకోమని పెట్టింది అది.
పైన ఆకాశం, కింద నేల, నాలుగు గడ్డిపోచలు.
శత్రువు ఒక్కడూ లేడు. నేను రాయనే లేదు.

అక్కడ ఆగిపోయాడు.
సందు మొనలో నిలబడి అడుగు తీసి అడుగు వేయడు.
నుదుటి మీద చెమట.

"ఏంది మామా?"
"బండ యాడుందబ్బాయా?"
"ఏ బండ?"
"నక్కడానికి."

మూడో విజిల్ వేశాక
గుంతలోకి మెట్లు మెట్లుగా దిగిన ఎండ తప్ప
ఏదీ కదలదంట.
కాకి కూడా అరవదంట.
పేలుడుకేం, వచ్చిందంటే అయిపోయినట్టే.
విజిల్‌కీ దానికీ మధ్య
ఎంతసేపో తెలియని ఆ ఖాళీలో
అడ్డం లేకుండా నిలబడాల్సి రావడం...
"ఇరుకు మంచిదే రా. ఇరుకులో
రాయి ఏ పక్కనించి వచ్చుద్దో తెలుసుద్ది.
బ్రహ్మయ్య మా జతగాడు. తువ్వాల మర్చిపోయి
మళ్లీ మైదానంలోకి..."

అంతే. టీ మీద మీగడ కట్టింది.
అద్దె అడగకుండానే దిగిపోయాడు.

ఆ రాత్రి మైదానాన్ని నలభై అడుగులు పెంచాను.
గడ్డి తీసేశాను, గాలి చప్పుడు తీసేశాను.
నడిమధ్యలో ఒక తువ్వాల పరిచాను.
ఆడి చూసుకున్నాను. నాకే అరచేతులు తడిశాయి.
బాగా వచ్చింది.
బాగా వచ్చిందని సంబరపడ్డందుకు సిగ్గేసి
తువ్వాల చెరిపేశాను.

తర్వాత ఒక బండ పెట్టాను.
నల్లది, మనిషెత్తు, ఒక పక్క ఉలి గీతలతో.
ఎంత దూరంలో ఉండాలన్నదే తేలడం లేదు.
పరుగెత్తితే అందాలా,
అందేట్టు కనపడితే చాలా?

నిన్న పద్దెనిమిది అడుగుల్లో ఉండింది.
ఇవాళ ఇరవై.