వేలు పడ్డ జాగ

కల్వకుర్తి మునిసిపల్ ఆఫీసు వరండాల
నీళ్లకుండ పక్కన గోడకు
నేనే మేకులు గొట్టి ఏలాడదీసిన,
రెండువేల నలభై ఒకటి దాక
మా ఊరు ఎట్లుండాల్నో చెప్పే నిలువెత్తు కాయితం.
నాలుగు మేకులు సాలలే.
గాలికి లేస్తుంటె అడుగున ఐదోది గొట్టిన.

పసుపు ఇండ్లకు. ఎరుపు దుకాన్లకు.
పచ్చ ఎవుసానికి. నీలం నీళ్లకు.
ఊదారంగు కార్ఖానలకు.
హైదరాబాదు కెల్లి కంపెనీ పిలగాడొచ్చి
ఒక్కపారి చెప్పి పోయిండు.
అటెన్క చెప్పేది నేనే,
అటెండరు కుర్మయ్య, ఏడో తరగతి పాసు.

అభ్యంతరాలకు ముప్పై దినాల గడువు.

మొదటి వారం ఎవ్వరూ రాలే.
ఇంటిపన్ను కట్టనొచ్చి
కుండల నీళ్లు తాగిపోయినోళ్లే.
ఎనిమిదో నాడు ఈదమ్మ వచ్చింది.
"నా రెండెకరాల పది గుంటలు ఏడున్నదయ్యా?"
సర్వే నంబరు తెల్వదు. గుర్తులు చెప్పింది:
మోదుగుల ఒర్రె దాటాలె,
పరుపుబండ మీదికెల్లి పొద్దుపొడుపు దిక్కు పోవాలె,
ఆముదం చేను.
కాయితం మీద బండ లేదు. మోదుగులు లేవు.
ఒర్రె గీత వట్టుకోని ఇద్దరం నడిచినం,
నా వేలు ముందు, ఆమె వేలు ఎనక.
ఊదారంగుల తేలినం.

ఆమె ఏమనలే. వేలు తీయలే.
గోరు నల్లగ చితికి ఉన్నది.
ఎప్పటి దెబ్బ అంటే
"ఏదో డ్యాం కాడ బండ వడ్డది.
ఊరి పేరు యాదికి లేదు.
ఆ నీళ్లు మనయి గావు."

అటెన్క దినాం రావట్టిండ్రు.
గొర్ల మల్లేశు కంచెకు ఏ రంగని అడిగిండు.
కంచెకు రంగు లేదు, తెల్లగ ఇడిసిపెట్టిండ్రు.
తెలుపంటె ఖాళీ జాగ అని చెప్పిన.
"నాలుగొందల గొర్లు మేసేది ఖాళీనా?"
నవ్విండు గని నవ్వు నిలవలే.
చాయ్ హోటలు ఖాజాబీ
వంద ఫీట్ల రోడ్డు తన పొయ్యి మీదికెల్లి పోతున్నదని తెలిసి
"రోడ్డొస్తె గిరాకి మస్తుగ వస్తది గదా" అన్నది.
కొంచెంసేపైనంక
"పొయ్యి ఏడ వెట్టాలె మరి?"

ఐటీఐ చదివిన నర్సింలు వచ్చి
ఊదారంగు ఇంకింత పెంచమని రాయమన్నడు.
"బొంబాయి బస్సెక్కుడు తప్పుతది గదనే!"
వాని నాయన, వాని తాత, అందరూ ఆ బస్సే.
వాడు చెప్పింది గూడ రాసిన,
ఈదమ్మ మొఖం యాదికొచ్చినా రాసిన.

తెల్లబూట్లాయన ఒకడు
కాయితం ముట్టనేలే.
ఫోన్ల ఫోటో దీసుకోని
కారు బందు చెయ్యకుంటనే పోయిండు.

కౌన్సిలు మీటింగుల
పద్నాలుగో వార్డు మంగ్తిబాయి లేచింది.
"ఈ కుంట నీలం ఎండకాలం కొలిచిండ్రా,
వానకాలం కొలిచిండ్రా?"
మొన్నటి వానకు ఆమె గల్లీల
మంచాలు తేలినయి.
పెద్దసార్లు ఒకల మొఖం ఒకలు జూసుకున్నరు.
అంతట్ల నేను చాయ్ దెచ్చిన.
మిట్ట మీది మాట మిట్ట మీదనే ఉన్నది.

ముప్పయ్యో నాడు మేకులు వీకినంక జూస్తె
కాయితం అంతట ఒక్కతీరు లేదు.
కొండలు, గుట్టలు, సర్కారు దఫ్తర్లు
కొత్తగనే ఉన్నయి.
వేళ్లు పడ్డ జాగలు మాత్రం
చెమటకు రంగు వాసినయి.
కుంట అంచుకు నీలం పసుపుల గలిసింది.
కంచె నల్లవడ్డది.
ఒర్రెకు తూర్పున, ఆముదం చేను కాడ
ఊదా మొత్తం పోయి
గోరంత చిల్లు.

"పాడు జేసిండ్రు" అన్నడు సారు.
కొత్తది ప్రింటు తీయిస్తరట,
ఈపారి పైన ప్లాస్టిక్కు ఏస్తరట.

అభ్యంతరాల రిజిస్టరుల నలభై ఆరు పేర్లు.
ఈదమ్మ పేరు లేదు.
ఆఖరు నాడు పిలిచి చెప్పిన,
సంతకం రాకుంటె మానె,
వేలిముద్రన్న పెట్టి పోవమ్మా అని.

"పెట్టిన గదయ్యా,
నీ ముందలనే."